చివరి ముడి బాబు చేతే వేయించండి

ఈ వారం కోనసీమ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికి కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను. ఇలాంటి బిడ్డ ఉన్న ఇల్లు ఆమెది ఒక్కటే కాదు. క్రిస్మస్ చేసుకునే ఇళ్ళవారికే కాక, ఏ పండుగ చేసుకునేవారికైనా ఇందులోని సంగతులు పనికివస్తాయి.

ఆమె ఉత్తరం ఇది:

"డాక్టరు గారికి నమస్కారం. మా బాబుకు తొమ్మిదేళ్ళు. పుట్టగానే ఏడవలేదు. తర్వాత సెరిబ్రల్ పాల్సీ అని చెప్పారు. కుడిచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగిసి ఉంటుంది. మాట స్పష్టంగా రాదు కాని, మనం చెప్పేదంతా అర్థమవుతుంది. పోయిన క్రిస్మస్ ముందు ఒకచోట పిల్లలందరి చేతా కాగితం నక్షత్రాలు చేయించారు. మావాడి వంతు వచ్చేసరికి టీచరమ్మ తాను చేసిన నక్షత్రాన్నే వాడి చేతిలో పెట్టి, దానిమీద వాడి పేరు రాసింది. వాడు దాన్ని విసిరికొట్టాడు. వీడికి కోపం ఎక్కువని అందరూ అన్నారు. పండుగనాడు మా అత్తగారు ముద్దుకొద్దీ అరిసె ముక్క నోట్లో పెడితే పొలమారి, ఊపిరాడక ముఖం నీలంగా అయిపోయింది. ఎలాగో బయటపడ్డాడు. అప్పటినుంచి పండుగైనా పబ్బమైనా వాడికి మెత్తగా పిసికిన పెరుగన్నమే. పని చెప్పాలంటే భయం, తిండి పెట్టాలంటే భయం. ఈ ఏడాది ఏం చెయ్యమంటారు?"

అమ్మా, ముందు ఆ విసిరికొట్టిన సంగతి చెబుతాను. అది కోపం జబ్బు కాదు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి తాను చేసినదేదో, చెయ్యనిదేదో బాగా తెలుసు. నోటితో చెప్పలేడు కనుక చేత్తో చెప్పాడు. టీచరమ్మది చెడ్డ ఉద్దేశం కాదు. "పాపం, వాడివల్ల ఏమవుతుంది" అనుకున్నది. ఇంట్లో మనమూ రోజూ ఇదే పొరపాటు చేస్తాము. చొక్కా మనమే తొడుగుతాము, అన్నం మనమే కలిపి పెడతాము. పని త్వరగా అయిపోతుంది. కాని పిల్లవాడి చెయ్యి ఆ రోజుకు పని లేకుండా మిగిలిపోతుంది. వాడని చెయ్యి మరింత బిగుసుకుంటుంది.

సెరిబ్రల్ పాల్సీలో దెబ్బ తగిలేది కండరాలకు కాదు, వాటిని నడిపే మెదడు భాగానికి. ఆ దెబ్బ మళ్ళీ మళ్ళీ పెరిగేది కాదు. అయితే చేతులకూ వేళ్ళకూ పని లేకపోతే కీళ్ళు, కండరాలు బిగుసుకుని కొత్త ఇబ్బందులు తెస్తాయి. అర్థం ఉన్న పనిని మళ్ళీ మళ్ళీ చేయడం మంచి వ్యాయామం. ఊరికే "పిడికిలి తెరువు, మూయి" అంటే ఏ పిల్లవాడికైనా విసుగే. నక్షత్రానికి కాగితం అతికించమంటే అదే పిడికిలి ఇష్టంగా తెరుచుకుంటుంది.

పనిని మెట్లుగా విడగొట్టండి

ఏ పనినైనా ఐదారు మెట్లుగా విడగొట్టండి. మొదటి మెట్లన్నీ మీరు చేసి, చివరిది మాత్రం పిల్లవాడికి వదలండి. అది వచ్చాక చివరి రెండు, ఆ తర్వాత చివరి మూడు. ఇలా వెనకనుంచి ముందుకు నేర్పాలి. మొదటిమెట్టుతో మొదలుపెడితే పిల్లవాడు సగంలో అలసిపోతాడు, మిగతాది మనం పూర్తిచేస్తాము, చివరికి అది మన వస్తువే అవుతుంది. చివరి మెట్టు వాడిదైతే పని పూర్తిచేసినవాడు వాడే. ఆ సంతోషం మర్నాడు మళ్ళీ కూర్చోబెడుతుంది.

సహాయం చేసే ముందు మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. ఇలాంటి పిల్లల్లో మెదడు పంపిన కబురు చేతికి చేరడానికి వ్యవధి పడుతుంది. మూడు అంకెలకే మనం చెయ్యి పెడితే వాడు ప్రయత్నించడం మానేస్తాడు.

పట్టిక కావాలంటే తేలికైనది చెబుతాను. డిసెంబరు 3 ప్రపంచ వికలాంగుల దినోత్సవం. ఐక్యరాజ్య సమితి 1992లో ఆ రోజును ప్రకటించింది. ఆనాడు మొదలుపెడితే పండుగకు మూడు వారాలు పైనే ఉంటుంది. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. పిల్లవాడు అలసిపోకముందే ఆపండి.

కూర్చునే తీరు

చెయ్యి పనిచేయాలంటే ముందు నడుము నిలవాలి. కుర్చీలో తుంటి, మోకాళ్ళు లంబకోణంలో వంగి ఉండాలి. పాదాలు గాలిలో వేలాడకూడదు. కింద పీట వేయండి. బల్ల మోచేతుల ఎత్తులో ఉండాలి. బల్లమీద తడిగుడ్డ పరిచి దానిమీద అట్టగాని, పళ్ళెంగాని పెడితే జారదు.

బిగిసిన పిడికిలిని వేళ్ళు పట్టుకుని లాగి తెరవవద్దు. మణికట్టును నెమ్మదిగా లోపలివైపుకు వంచి, చేతి వెనకభాగాన్ని నిమరండి. వేళ్ళు వాటంతటవే సడలుతాయి. కుంచె పట్టు చిక్కకపోతే దాని కాడకు పాత సైకిలు ట్యూబు ముక్కగాని, గుడ్డపీలికగాని లావుగా చుట్టండి. ఎడమచెయ్యి పనిచేస్తుంటే కుడిచేతిని వదిలేయకండి. కాగితం కదలకుండా అదిమిపట్టే పని దానికి ఇవ్వండి.

నక్షత్రం

మన డెల్టా ఊళ్ళలో క్రిస్మస్ నెల వచ్చిందని చెప్పేది ఇంటిముందు వాసానికి కట్టిన నక్షత్రమే. దుకాణంలో మడత విప్పితే చాలు, నక్షత్రం సిద్ధం. కాని మీ బాబుకు ఇంట్లో చేసినదే కావాలి.

రెండడుగుల వెదురు బద్దలు పది, నాలుగు అంగుళాల ముక్కలు ఐదు కావాలి. బద్దలు చీల్చి నునుపు చేయడం తండ్రి పని. కత్తి ఉన్నంతసేపు పిల్లవాడు దూరంగా ఉండాలి. పది బద్దలను ఐదేసి చొప్పున రెండు కుప్పలు పెట్టడం బాబు పని. ఐదు బద్దలతో ఒక చదును నక్షత్రం, మిగతా ఐదింటితో ఇంకొకటి కట్టండి. రెంటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి ఐదు కొనలూ కలిపి కట్టండి. లోపలి ఐదు కూడళ్ళ దగ్గర చిన్న ముక్కలు నిలబెడితే నడుమ ఉబ్బి బుట్టలా నిలుస్తుంది.

గాలిపటాల కాగితం ఏ రంగుదో బాబునే అడగండి. రెండు రంగులు ఎదుట పెడితే చూపుతో చెప్పినా చాలు. జిగురు రాయడం, అరచేత్తో అదమడం బాబు వంతు. అతుకు వంకరగా ఉంటే ఉండనివ్వండి. రాత్రి వాడు పడుకున్నాక మీరు సరిచేయవద్దు. వాడు పొద్దున్నే కనిపెడతాడు.

కట్టవలసిన చివరి ముడి, వేలాడదీసే తాడుది. తాడు మీరు తిప్పి, ఉచ్చు చేసి పెట్టండి. కొన పట్టి లాగేది బాబు. దీపం మాత్రం పెద్దల పని. వేడెక్కే పాతరకం బల్బు కాగితం మధ్య పెట్టవద్దు. చిన్న ఎల్.ఇ.డి. బల్బు పెట్టండి. డిసెంబరు మంచుకు కాగితం తడుస్తుంది కనుక వైరు అతుకులు ఎక్కడా బయటపడి ఉండకూడదు.

ఇంకొన్ని పనులు

పాకకు గడ్డి: ఈ రోజులు సార్వా కోతలవి. వరిగడ్డికి కొదవ లేదు. గడ్డిని చిన్న చిన్న కట్టలుగా చేసి పశువుల పాక కప్పడం రెండు చేతులకూ మంచి పని. గడ్డి దుమ్ముకు ఉబ్బసం వచ్చే పిల్లలకు ఈ పని వద్దు.

పూలదండ: కడియం వైపునుంచి బంతి, చామంతి ఈ నెలలో విరివిగా వస్తాయి. సూది వద్దు. తడిపిన అరటినారతో మీరు ముడి వేస్తూ ఉంటే, బొటనవేలు, చూపుడువేలు కలిపి ఒక్కొక్క పువ్వు అందించడం పిల్లవాడి పని. బొత్తాం పెట్టుకోవడానికీ, పలకబలపం పట్టడానికీ కావలసిన పట్టు ఇదే.

కొబ్బరిచిప్ప గంట: పీచు తీసిన చిప్పను గరుకు కాగితంతో రుద్దడం బాబు పని. కన్ను పొడిచి తాడు దూర్చి, లోపల గజ్జె కట్టడం మీ పని. గజ్జె ఊడి రాకుండా గట్టిగా కట్టండి.

ఊలు గొలుసు: నరసాపురం చుట్టుపక్కల ఇళ్ళలో లేసు అల్లిక తెలియని ఆడవారు తక్కువ. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఆ విద్య ఇంట్లో ఉంటే వాడుకోండి. సన్నని దారం, సన్నని కొక్కెం బదులు లావుపాటి ఊలు, లావుపాటి కొక్కెం ఇస్తే చేతులు కొంత కుదిరిన పిల్లలు వట్టి గొలుసుకుట్టు నేర్చుకోగలరు.

వీటితో జాగ్రత్త

చాలా ఇళ్ళలో మైదా జిగురు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలున్న ఇంట్లో అస్సలు కలపకూడదు. వట్టి మైదా, నీళ్ళు ఉడికించి వాడండి. రెండురోజులకు పారేసి మళ్ళీ చేసుకోండి.

బొమ్మలకు రెండు కప్పుల పిండి, ఒక కప్పు ఉప్పు, ఒక కప్పు నీళ్ళు కలిపిన ముద్ద బాగా గట్టిపడుతుంది. కాని ఆ ముద్దను తినేసే పిల్లలకు ఇవ్వవద్దు. అంత ఉప్పు కడుపులోకి పోతే ప్రాణానికే ముప్పు. వారికి ఉప్పు లేని చపాతీ ముద్ద ఇవ్వండి.

మినుకుమినుకుమనే చిన్న బొమ్మకొవ్వొత్తులలో బొత్తాంలాంటి బ్యాటరీ ఉంటుంది. అది మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే లోపల కాల్చేయగలదు. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. థర్మోకోలు గుళ్ళు, పూసలు కూడా అందకుండా ఉంచండి.

తిండి సంగతి

అమ్మా, మీ అత్తగారిని తప్పుపట్టకండి. మనవడికి పండుగ రుచి చూపించాలనుకున్నారు. అరిసె గట్టిగా, సాగుతూ ఉంటుంది. నాలుక, దవడ కండరాలు సరిగా కదలని పిల్లవాడు దాన్ని నమలలేడు. చేగోడీలు, జంతికలు, వేరుశనగ ఉండలు, పొడిగా రాలే సున్నుండలు, ఎండు కేకు ముక్కలు కూడా అలాంటివే.

అయితే జవాబు ఏడాది పొడుగునా పెరుగన్నం కాదు. ముద్ద ఎలా ఉండాలో తెలుసుకుంటే చాలు. చెంచా వెనకభాగంతో నొక్కితే తేలికగా అణగాలి, వదిలితే మళ్ళీ లేవకూడదు. పొడిపొడిగా రాలకూడదు, అంగిలికి అంటుకోకూడదు. పలచని పాలలో ముక్కలు తేలే పదార్థం కూడా ఈ పిల్లలకు కష్టమే. ద్రవం ముందుగా గొంతులోకి జారి, ముక్క వెనక మిగిలిపోతుంది.

ఇందుకు తగిన పండుగ వంటలు మన దగ్గరే ఉన్నాయి. బాగా పండిన చక్కెరకేళి అరటిపండును ముద్దగా చిదిపి కొంచెం పాలు, ఏలకుల పొడి కలపండి. ఉడికిన చిలగడదుంపను పీచు తీసి, పాలు, బెల్లంపాకంతో మెత్తగా మెదపండి. జీడిపప్పు, కిస్మిస్ లేకుండా మెత్తని రవ్వకేసరి చేయండి. వేడి చల్లారాక పెట్టండి.

పూతరేకుల సంగతి వేరుగా చెప్పాలి. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన వేడికుండమీద పలచని బియ్యపుపిండి జావతో రేకు తీయడం నేర్చినవారి పని. కాని వట్టి రేకులు తెచ్చుకుని ఇంట్లో చుట్టుకోవచ్చు. తడిగుడ్డతో రేకును అద్దడం, నెయ్యి చిలకరించడం మీరు చేయండి. పంచదార పొడి చల్లడం, చివరి మడత వేయడం బాబుకు ఇవ్వండి. మొదటి నాలుగు రేకులు చిరుగుతాయి. చిరిగిన పూతరేకూ తియ్యగానే ఉంటుంది. అయితే పొడిరేకు అంగిలికి అంటుకుంటుంది కనుక బాబు తినే దాన్ని గోరువెచ్చని పాలలో పూర్తిగా నానబెట్టి, ఒకే ముద్దగా మెదిపి చెంచాతో పెట్టండి. ఇంటిల్లిపాదికీ వాడు చుట్టినది, వాడికీ అదే.

పెట్టేటప్పుడు పిల్లవాడు నిటారుగా కూర్చుని, గడ్డం కాస్త కిందికి దించి ఉండాలి. పడుకోబెట్టి, తల వెనక్కి వాల్చి పెట్టవద్దు. నవ్వుతున్నప్పుడు, ఏడుస్తున్నప్పుడు పెట్టవద్దు. ముందు ముద్ద మింగాకే రెండోది. తిన్నాక అరగంటదాకా కూర్చోబెట్టండి. తినేటప్పుడు తరచు దగ్గు రావడం, గొంతులో గురగుర, కళ్ళవెంట నీళ్ళు, మాటిమాటికీ ఛాతీ జలుబు, జ్వరం వస్తుంటే ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతున్నదేమో చూడాలి. మీ బాబుకు ఒకసారి ముఖం నీలంగా మారింది కనుక పండుగకు ముందే పిల్లల డాక్టరుకు చూపించండి. మింగే తీరు పరీక్షించే స్పీచ్ థెరపిస్టు సలహా కూడా తీసుకోండి. పైన చెప్పిన వంటలను వారికి చెప్పి ఆ తర్వాతే మొదలుపెట్టండి.

మళ్ళీ పొలమారితే ఇంట్లో అందరికీ ఇది తెలిసి ఉండాలి. గట్టిగా దగ్గగలుగుతుంటే దగ్గనివ్వండి, నీళ్ళు పోయవద్దు. దగ్గలేక, శబ్దం రాక, ఊపిరాడకపోతే ముందుకు వంచి రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. అప్పటికీ రాకపోతే వెనక నిలబడి, పిడికిలిని బొడ్డుకు పైన, రొమ్ము ఎముకకు కింద పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కండి. ఏడాది నిండని పసికందుకు పొట్ట నొక్కకూడదు. కనపడని ముక్కకోసం నోట్లో వేళ్ళు పెట్టి కెలకవద్దు. ఈలోగా ఒకరు 108కి ఫోను చేయాలి.

టీచరమ్మతో ఏం చెప్పాలి

ఈ ఏడాది నక్షత్రాలు చేయించే రోజుకు ముందే వెళ్ళి కలవండి. నిందించవద్దు. "మావాడు జిగురు రాసి అదమగలడు, కొన లాగగలడు. కత్తిరించడం మాత్రం ఇంకొకరు చేయాలి" అని చెప్పండి. ఏం చేయలేడో కాక ఏం చేయగలడో తెలిస్తే ఏ టీచరైనా చోటు చూపిస్తుంది. ఇంట్లో మూడు వారాలు చేసి ఉంటాడు కనుక ఆనాడు బెదరడు.

బడి సంగతి మీరు రాయలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్దేశించిన స్థాయిలో వైకల్యం ఉన్న పిల్లలకు 6 ఏళ్ళనుంచి 18 ఏళ్ళదాకా ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. మండలాల్లో సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలు ఉన్నాయి. మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో అడిగితే చెబుతారు.

మరికొన్ని ప్రశ్నలు

ప్రశ్న: మా అమ్మాయికి డౌన్ సిండ్రోమ్. 14 ఏళ్ళు. నమలడం, మింగడం బాగానే ఉన్నాయి. పండుగ నెలలో మిఠాయిలు ఆపలేకపోతున్నాము. బరువు పెరుగుతున్నది. — ఒక తండ్రి, భీమవరం

జవాబు: ఈ పిల్లల్లో థైరాయిడ్ తక్కువగా పనిచేయడం తరచు కనిపిస్తుంది. ఏడాదికొకసారి రక్తపరీక్ష చేయించండి. మిఠాయిని మెప్పుకోలుగా ఇవ్వవద్దు. గులాబీ పువ్వులు, కాజాలు లెక్కపెట్టి పొట్లాలు కట్టి ఇరుగుపొరుగులకు పంచే పని అమ్మాయికే ఇవ్వండి. తన వంతు కూడా ఆమె చేతే ముందుగా చిన్న పళ్ళెంలో తీయించి పెట్టండి. బెల్లంతో చేస్తే బరువు పెరగదన్నది అపోహ. మూకుడు దగ్గరికి మాత్రం రానివ్వవద్దు.

ప్రశ్న: మా తమ్ముడికి మూర్ఛ ఉంది. రంగుదీపాలు చూడవచ్చునా? 24వ తేదీ రాత్రి ఆరాధనకు తీసుకువెళ్ళవచ్చునా? — ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: మూర్ఛ ఉన్నవారిలో మినుకుదీపాలవల్ల ఫిట్లు వచ్చేది కొద్దిమందికే. అతనికి లోగడ అలా వచ్చి ఉంటే ఆరి వెలగని దీపాలే పెట్టండి. చాలామందికి పండుగల్లో ఫిట్లు రావడానికి కారణం మందు తప్పడం, నిద్ర తప్పడం. ఆరాధనకు వెళ్ళవచ్చు. మధ్యాహ్నం నిద్రపుచ్చి, రాత్రి మాత్ర వేళకు వేసి తీసుకువెళ్ళండి. ఫిట్టు వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టవద్దు. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికి తరలించండి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆటిజం. జిగురు అంటితే ఏడుస్తాడు. బాణసంచా చప్పుడుకు చెవులు మూసుకుని పరుగెడతాడు. — ఒక తల్లి, కాకినాడ

జవాబు: అది మొండితనం కాదు. ఆ స్పర్శ, ఆ చప్పుడు అతనికి నిజంగానే బాధ కలిగిస్తాయి. కుంచెతో రాయనివ్వండి, లేదా జిగురు అవసరం లేని గడ్డికట్టల పని ఇవ్వండి. పండుగనాడు ఏది తర్వాత ఏది జరుగుతుందో నాలుగు బొమ్మలు గీసి ముందురోజే చూపించండి. చప్పుళ్ళ వేళకు ఒక గది ప్రశాంతంగా ఉంచండి.

ప్రశ్న: చూపులేని మా పాప నక్షత్రం ఎలా చేస్తుంది? — ఒక అమ్మమ్మ, తణుకు

జవాబు: అట్టమీద నక్షత్రం గీసి, ఆ గీతవెంట లావు తాడు అతికించండి. వేళ్ళతో తడిమి హద్దు తెలుసుకుని లోపల గడ్డి, పూలరేకలు అతికిస్తుంది. ఆమె చెయ్యి పట్టుకుని నడిపించవద్దు. మీ చేతిమీద ఆమె చెయ్యి వేయించుకుని మీరు చేయండి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేసుకునే స్వేచ్ఛ ఆమెకు ఉంటుంది. కొబ్బరిచిప్ప గంట ఆమెకు బాగా నచ్చుతుంది.

కోనసీమ తల్లికి చివరిగా ఒక మాట. నక్షత్రం కట్టాక మీ అత్తగారిని పిలిచి, బాబు చేత తాడు కొన లాగించండి. చిలగడదుంప ముద్ద చెంచాతో ఎలా పెట్టాలో ఆమెకే దగ్గరుండి చూపించండి. మనవడికి పండుగ రుచి ఆమె చేతిమీదుగానే అందనివ్వండి. డాక్టరు ఏమన్నారో, నక్షత్రం ఎలా కుదిరిందో పండుగ అయ్యాక రాయండి.